కుళాయి కింద మరిచిపోయే సూత్రం

"ఆమ్లంలో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే ఆమ్లం పోయాలి." ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవాళ్లలో ఈ మాట రానివారు ఉండరు. వైవాలో అడిగితే తడుముకోకుండా చెబుతారు. అదే విద్యార్థులు లవణ విశ్లేషణ, అంటే ఇచ్చిన లవణంలో ఏమున్నదో కనిపెట్టే ప్రయోగం, చేసేటప్పుడు గమనిస్తే మరో సంగతి కనిపిస్తుంది. పరీక్షనాళికలో చిటికెడు లవణం వేసి, దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, బర్నర్ మీద వేడిచేస్తారు. వచ్చిన వాయువు రంగూ వాసనా రికార్డులో రాసుకుంటారు. తర్వాతి పరీక్షకు నాళిక కావాలి, సమయం తక్కువ. నేరుగా సింకు దగ్గరికి వెళ్లి, నాళికను కింద పట్టుకుని కుళాయి తిప్పుతారు. వేడిగా ఉన్న గాఢ ఆమ్లంలో నీళ్లు పోయడమంటే ఇదే. ఆ క్షణంలో నాళిక మూతికీ ముఖానికీ మధ్య ఉండేది మహా అయితే మూరెడు దూరం.

ప్రయోగశాల భద్రతకు సంబంధించిన అసలు చిక్కు ఈ చిన్న దృశ్యంలోనే ఉంది. సూత్రం కంఠతా వచ్చింది, దాని వెనకున్న కారణం మాత్రం మనసుకు ఎక్కలేదు. కారణం తెలిసినవారికి కుళాయి దగ్గర కూడా సూత్రం గుర్తొస్తుంది. తెలియనివారికి అది ద్రావణం తయారుచేసే రోజున మాత్రమే పనికొచ్చే నియమం. గోడకు అంటించిన నిబంధనల పట్టిక కంటే, చేతిలో ఉన్న ఆమ్లం గుణమేమిటో తెలిసి ఉండటమే మనిషిని ఎక్కువగా కాపాడుతుంది. 'యాసిడ్' అన్న ఒక్క మాట కింద అన్నిటినీ కట్టగట్టి చూడటంతోనే చాలా ప్రమాదాలు మొదలవుతాయి.

బలం వేరు, గాఢత వేరు

పాఠ్యపుస్తకం భాషలో బలమైన ఆమ్లం అంటే నీటిలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయేది. సల్ఫ్యూరిక్, నైట్రిక్, హైడ్రోక్లోరిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలు ఆ కోవలోవి. గాఢత అంటే ఎంత నీటిలో ఎంత ఆమ్లం ఉందన్నది. ఈ రెంటినీ కలిపేసుకోవడం మామూలే. అంశమాపనంలో (టైట్రేషన్‌లో) వాడే 0.1 మోలార్ (మోలార్ అంటే గాఢతకు కొలమానం) హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైన ఆమ్లమే, కానీ వేలి మీద పడితే కడుక్కుంటే సరిపోతుంది. నీళ్లు కలపని అసిటిక్ ఆమ్లం బలహీనమైనదని పుస్తకం చెబుతుంది, చర్మం మీద పడితే మాత్రం బొబ్బలెక్కుతుంది. ఇక మనిషి ప్రాణానికి అన్నిటికంటే ప్రమాదకరమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా పుస్తకం లెక్కలో బలహీన ఆమ్లమే. కాబట్టి ఆమ్లం ఎంతమేరకు అయాన్లుగా విడిపోతుందో చెప్పే అయానీకరణ స్థిరాంకం చూసి భయాన్ని కొలవకూడదు.

బజారులో దొరికే సీసాల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 98 శాతం ఉంటుంది, అంటే సుమారు 18 మోలార్. నైట్రిక్ ఆమ్లం 70 శాతానికి దగ్గరగా, 16 మోలార్ దాకా ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం 35 నుంచి 37 శాతం, అంటే 11 నుంచి 12 మోలార్. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఈ మూడింటి స్వభావాలు మూడు దిక్కులు.

సల్ఫ్యూరిక్ ఆమ్లం దాహం

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికి దాదాపు రెండింతల బరువు. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు ఆమ్లం కిలో 840 గ్రాములు తూగుతుంది. అది మరగాలంటే 330 డిగ్రీలు దాటాలి. నీళ్లంటే దానికి తీరని దాహం, కలిసిన ప్రతిసారీ పెద్ద ఎత్తున వేడి పుడుతుంది. ఈ మూడు గుణాలనూ పక్కపక్కన పెట్టుకుంటే సూత్రం దానంతటదే బయటికొస్తుంది. ఆమ్లం మీద నీళ్లు పోస్తే, తేలికైన నీళ్లు అడుగుకు దిగకుండా పైనే తేలతాయి. రెండూ కలిసే పలుచటి పొరలోనే వేడంతా పుడుతుంది. ఆ పొరలోని కాసిన్ని నీళ్లు క్షణంలో మరిగి, ఆవిరై, తమతోపాటు ఆమ్లపు తుంపరలను ఎగజిమ్ముతాయి. కాగిన నూనెలో నీటిబొట్టు పడితే ఏమవుతుందో పొయ్యి దగ్గర నిలబడిన ప్రతివారికీ తెలుసు. అక్కడ నీరు కిందికి దిగి చిట్లుతుంది, ఇక్కడ పైన తేలి చిట్లుతుంది. వేడి సంగతి అర్థం కావాలంటే రాతిసున్నాన్ని తలుచుకోవాలి. పండగ ముందు ఇంటికి వెల్ల వేయడానికి తొట్టిలో సున్నం ఉడుకుతుంటే పెద్దలు పిల్లల్ని ఆ చాయలకు రానిచ్చేవారు కాదు. పొయ్యి లేకుండానే, మంట లేకుండానే నీళ్లు కుతకుత ఉడికేవి.

క్రమం మార్చి నీళ్లలో ఆమ్లం పోసినప్పుడు కూడా వేడి పుట్టకుండా ఉండదు. ఇక్కడే మరో పొరపాటు జరుగుతుంది. సరైన పద్ధతే కదా అని ధైర్యంగా గుమ్మరిస్తారు. 900 మిల్లీలీటర్ల నీటిలో 100 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం కలిపితే మొత్తం ద్రావణం ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో ల్యాబ్‌లో నీళ్లే 35 డిగ్రీలుంటే, ద్రావణం 65కు చేరి పాత్ర చేత్తో పట్టుకోలేనంతగా కాలుతుంది. తేడా ఏమిటంటే, వేడి ఒక పొరలో చిక్కుకోకుండా లీటరు నీటికీ పంచుకుపోతుంది, బరువైన ఆమ్లం కిందికి జారుతూ కలుస్తుంది. అందుకే ఈ పని వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు బీకరులో, చల్లటి నీళ్ల తొట్టిలో దాన్ని నిలబెట్టి, గాజుకడ్డీతో కలుపుతూ, కొంచెం కొంచెంగా చేయాలి. కొలజాడీలోనో మందపాటి సీసాలోనో నేరుగా కలిపితే గాజు పగిలి ద్రావణమంతా బల్ల మీద పారుతుంది. కొలజాడీ ముందే తడిగా ఉందా అన్నది కూడా చూసుకోవాలి. అడుగున మిగిలిన నాలుగు చుక్కల మీద ఆమ్లం పడ్డా గాజు చురుక్కుమంటుంది.

నైట్రేటును గుర్తుపట్టే బ్రౌన్ రింగ్ పరీక్ష నిలబడింది ఈ సాంద్రత మీదే. లవణ ద్రావణానికి అప్పటికప్పుడు చేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి, నాళికను ఏటవాలుగా వంచి, లోపలి గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా జార్చాలి. ఆమ్లం చిక్కటి నూనెలా గోడను పట్టుకుని దిగి అడుగున పరుచుకుంటుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రెండు పొరల మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది, ఆ గీత దగ్గరే గోధుమరంగు వలయం కడుతుంది. ఓపిక లేక నాళికను నిటారుగా పట్టుకుని ఒక్కసారిగా పోస్తే రెండూ కలిసిపోతాయి, వలయం రాదు, నాళిక వేళ్లను కాలుస్తుంది. ఏటా రెండు తెలుగు రాష్ట్రాల్లో అంతమంది విద్యార్థులు చేసే ఈ పరీక్షలో, వలయం రంగు దగ్గరే మాట ఆపేయడం బాధాకరం. ఆమ్లం కిందికే ఎందుకు వెళ్లింది, నీళ్లు పైన పోసి ఉంటే ఏమయ్యేది అని అక్కడికక్కడ అడిగితే, వైవా కోసం బట్టీపట్టిన వాక్యం కళ్ల ముందే కనిపిస్తుంది.

సింకు సమస్యకు పరిష్కారం ఖర్చులేనిది. వేడిచేసిన నాళికను చల్లారేదాకా స్టాండులో ఉంచాలి. సింకు పక్కన ముప్పాతిక వంతు నీళ్లు నింపిన పెద్ద బీకరు ఒకటి పెట్టి, నాళికలోని ఆమ్లాన్ని అందులోకి మెల్లగా వంచాలి. ఆ తర్వాతే కుళాయి.

ఈ ఆమ్లం దాహం నీళ్ల దగ్గరే ఆగదు. పంచదార మీద పోస్తే అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్‌లను నీటిరూపంలో లాగేసుకుని నల్లటి బొగ్గును మిగులుస్తుంది. చర్మానికీ నూలుబట్టకూ పట్టే గతి కూడా అదే. సజల ఆమ్లమే కదా అని ఊరుకోవడానికి కూడా లేదు. ల్యాబ్ కోటు మీద పడ్డ చుక్కలోంచి నీరు ఆవిరైపోతుంది, ఆమ్లం ఆవిరి కాదు, గంటలు గడిచేకొద్దీ గాఢమవుతుంది. రెండు రోజుల తర్వాత కోటు ఉతికితే అక్కడ గవ్వంత చిల్లు పడి ఉంటుంది.

పసుపు మచ్చా, తెల్లటి పొడీ

నైట్రిక్ ఆమ్లంతో పనిచేసినవారి వేళ్ల చివర పసుపు మచ్చలు కనిపిస్తాయి. ఆ రంగు ఎంత కడిగినా పోదు, ఆ పొర చర్మం రాలిపోయేదాకా ఉంటుంది. చర్మంలోని ప్రోటీన్లలో ఉండే టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలతో నైట్రిక్ ఆమ్లం చర్య జరపడం వల్ల వచ్చే రంగు అది. జీవరసాయన శాస్త్రంలో ప్రోటీన్లను గుర్తించే క్సాంథోప్రోటీక్ పరీక్ష కూడా ఇదే చర్య. పాత అటెండర్ల చేతి మీది ఆ మరక ఆ ల్యాబ్‌లో సరైన చేతి తొడుగులు లేవని చెప్పే సాక్ష్యం.

నైట్రిక్ ఆమ్లం ఆమ్లమే కాదు, ఆక్సీకరణి కూడా, అంటే ఇతర పదార్థాలను ఆక్సీకరించి మండించగలదు. ఈ రెండో గుణాన్ని మరిచిపోయినప్పుడే పెద్ద ప్రమాదాలు జరుగుతాయి. ఎసిటోన్‌తోనో ఆల్కహాల్‌తోనో కడిగిన గాజుసామాను వ్యర్థాన్ని, నైట్రిక్ ఆమ్లపు వ్యర్థం ఉన్న సీసాలో పోసి మూత బిగిస్తారు. పోసిన వెంటనే ఏమీ జరగకపోవచ్చు. చర్య నెమ్మదిగా మొదలై, వేడి పుట్టి, ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుని, వాయువులు పోగై, ఎవరూ లేని సమయంలో సీసా పేలుతుంది. ఆమ్లాలన్నీ ఒక బీరువాలో పెట్టాలన్న సదుద్దేశంతో నైట్రిక్ ఆమ్లం పక్కనే గ్లేషియల్ (నీళ్లు కలపని) అసిటిక్ ఆమ్లం పెట్టడం ఇలాంటి తప్పే. పేరులో ఆమ్లం ఉన్నా అసిటిక్ ఆమ్లం మండే ద్రవం. 40 డిగ్రీల దగ్గరే దాని ఆవిరికి నిప్పంటుకోగలదు, మన వేసవి దాటే ఉష్ణోగ్రత అది. దాని చోటు మండే ద్రావణుల పక్కన, నైట్రిక్ ఆమ్లం చోటు విడిగా.

లోహాలతోనో సేంద్రియ పదార్థాలతోనో నైట్రిక్ ఆమ్లం చర్య జరిపినప్పుడు వచ్చే ఎర్రగోధుమ రంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు కొద్దిగా దగ్గు వచ్చి తగ్గిపోతుంది. తర్వాత కొన్ని గంటలకు, ఇంటికి చేరుకున్నాక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడని పరిస్థితి రావచ్చు. కాబట్టి ఆ పొగ గట్టిగా పీల్చినవారిని, బాగానే ఉన్నామని చెప్పినా సరే, ఇంటికి కాక ఆసుపత్రికి పంపాలి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం సంగతి వేరు. అది నీటిలో కరిగి ఉన్న వాయువు. మూత తీయగానే తెల్లటి పొగ కట్టేది అందుకే. ఎండాకాలంలో సీసాలో ఆ వాయువు ఒత్తిడి పెరుగుతుంది, మూతను ఒక్కసారిగా తిప్పితే ముఖం మీదికి కొడుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో (పొగలను బయటికి లాగేసే అరలో) పెట్టి, మూతి అవతలి వైపు ఉండేలా చూసి, పావు మలుపు తిప్పి ఆగి, వాయువు పోనిచ్చి ఆ తర్వాత పూర్తిగా తీయాలి. స్టోర్ రూములో సీసాల మెడల మీద, అరల అంచుల మీద తెల్లటి మెత్తటి పొడి పేరుకుని ఉంటే అది దుమ్ము కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరీ అమోనియా ఆవిరీ గాలిలో కలిసి ఏర్పడ్డ అమ్మోనియం క్లోరైడ్. ఆ రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టారనీ, ఒకదాని మూతైనా సరిగ్గా బిగించలేదనీ ఆ పొడి చెబుతోంది. ఇనుప బీరువా తలుపులు లోపలి నుంచి తుప్పు పట్టడం కూడా అదే కథ.

పెర్‌క్లోరిక్ ఆమ్లం మామూలు కళాశాలల్లో కనిపించదు కాబట్టి దాని గురించి రెండు మాటలు చాలు. 70 శాతం ఆమ్లం చల్లగా ఉన్నప్పుడు మామూలు బలమైన ఆమ్లంలా నడుచుకుంటుంది, వేడెక్కితే భయంకరమైన ఆక్సీకరణి అవుతుంది. 1947 ఫిబ్రవరి 20న లాస్ ఏంజిలిస్‌లోని ఒక లోహ పాలిషింగ్ కర్మాగారంలో పెర్‌క్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే మండే ద్రవం కలిపిన తొట్టి పేలి 17 మంది చనిపోయారు, చుట్టుపక్కల భవనాలు ఎన్నో దెబ్బతిన్నాయి. చల్లదనమే ఆ మిశ్రమాన్ని అదుపులో ఉంచుతుంది, ఆ చల్లదనం తప్పింది.

నొప్పి ఆలస్యంగా వచ్చే ఆమ్లం

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాల్లో వస్తుంది. రాళ్లలోని సిలికాను కరిగించగలిగేది అదే కనుక భూరసాయన శాస్త్రవేత్తలకు అది తప్పనిసరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల రాతి నమూనాల విశ్లేషణకు దాన్ని వాడతారు. తుప్పు మరకలు వదిలించే కొన్ని ద్రవాల్లోనూ, గాజు మీద చెక్కే పనిలోనూ ఉంటుంది.

మిగతా ఆమ్లాలు చర్మాన్ని పైనుంచి కాలుస్తాయి, మంట వెంటనే తెలుస్తుంది. ఇది చర్మం గుండా లోపలికి ఇంకిపోతుంది. లోపలికి వెళ్లిన ఫ్లోరైడు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. పలుచటి ద్రావణం పడినప్పుడు నొప్పి గంటల తరబడి తెలియకపోవచ్చు, తెలిసేసరికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. ఫ్లోరైడుకూ కాల్షియానికీ మధ్య ఉన్న ఈ బంధం తెలుగువారికి కొత్తది కాదు. భూగర్భ జలంలో లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఏళ్లతరబడి ఒంట్లో చేరితే ఎముకలు ఏమవుతాయో నల్గొండ పల్లెలు తరాలపాటు అనుభవించాయి. అక్కడ ఏళ్లు పట్టి ఎముకల్లో పేరుకున్నది, ఇక్కడ గంటల్లో రక్తం మీద పడుతుంది.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన ఒక మరణం వైద్య పత్రికల్లో వివరంగా నమోదైంది. శిలల్లోని పుప్పొడి శిలాజాలను వేరుచేసే చిన్న ప్రయోగశాలలో 37 ఏళ్ల టెక్నీషియన్ కూర్చుని పనిచేస్తుండగా 70 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తొడల మీద ఒలికింది. మహా అయితే ఒక గ్లాసు పరిమాణం. కాలింది శరీరంలో తొమ్మిది శాతం భాగమే. అక్కడ అత్యవసర షవరు లేదు, ఫ్లోరైడును పట్టి ఆపే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేదు, ఒంటి మీద తగిన ఏప్రన్ లేదు. గొట్టంతో కడుక్కుని, పక్కనున్న ఈతకొలనులోకి దూకి అంబులెన్స్ వచ్చేదాకా అందులోనే ఉన్నారు. వారం తర్వాత కాలు తీసేశారు, 15వ రోజున ఆయన మరణించారు. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఖరీదైన మందేమీ కాదు. ఒలికిన వెంటనే కడిగి, దాన్ని రాస్తూ ఆసుపత్రికి చేరడమే బతికే దారి. అది అలమరలో లేని చోట హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సీసా మూత తీయకూడదు. ఈ ఒక్క విషయంలో మినహాయింపులకు తావే లేదు.

చేతులూ, బట్టలూ, నోరూ

కోవిడ్ కాలం నుంచి పలుచటి నీలిరంగు నైట్రైల్ తొడుగులు అందరికీ అలవాటయ్యాయి. అవి చేతికి ఉంటే ఏం పట్టుకున్నా ఫర్వాలేదన్న ధీమా కూడా వచ్చింది. సజల ఆమ్లాలకు అవి బాగానే పనికొస్తాయి. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం ముందు, గాఢ నైట్రిక్ ఆమ్లం ముందు అవి నిమిషాల్లోనే పాడైపోతాయి. తొడుగు చిల్లుపడి లోపల ఆమ్లం చిక్కుకుంటే, తొడుగు లేని చేతికంటే ఎక్కువ కాలుతుంది. గాఢ ఆమ్లాలకు మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు తొడుగులు కావాలి. చుక్క పడిన వెంటనే తీసి మార్చాలి.

దుస్తుల విషయంలో మన అలవాట్లకు తగ్గ జాగ్రత్త కావాలి. చున్నీ కొసలు, చీర కొంగు, విరబోసిన జుట్టు బల్ల మీది సీసాలను పడగొట్టగలవు, బర్నర్ మంటకూ అందుతాయి. కోటు లోపలికి దోపుకుని బొత్తాములు పెట్టుకోవాలి. కొన్ని చోట్ల ల్యాబ్ శుభ్రంగా ఉండాలని చెప్పులు బయట విడిపిస్తారు. కంప్యూటర్ ల్యాబ్‌కు అది సరిపోతుందేమో గానీ రసాయనశాలలో ఒట్టి కాళ్లతో నిలబడటం మహా ప్రమాదం. ఒలికిన ఆమ్లం ముందు చేరేది పాదాల దగ్గరికే. పాదమంతా కప్పే బూట్లు ఉండాలి.

పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటు ఇంకా పోలేదు. సజల ఆక్సాలిక్ ఆమ్లంతో మొదలైన అలవాటు గాఢ ఆమ్లం దగ్గర ఆగుతుందన్న హామీ ఏమీ లేదు. పిపెట్ కొస ద్రవమట్టం కంటే పైకి లేచిన క్షణంలో గాలి దూరి ద్రవం నోట్లోకి దూసుకొస్తుంది. రబ్బరు బల్బు ఖరీదు చాలా తక్కువ. దాన్ని కొనని సంస్థ ఏ కారణం చెప్పినా అది సమర్థనీయం కాదు.

గాజుసామాను శుభ్రం చేయడానికి పొటాషియం డైక్రోమేట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి వాడే క్రోమిక్ ఆమ్లం కూడా పాత వారసత్వమే. అందులోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. మంచి డిటర్జెంటుతో పోయే మురికికి దాన్ని వాడనక్కర్లేదు.

సీసా బరువు, సోడా లెక్క

రెండున్నర లీటర్ల సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం బరువే 4.6 కిలోలు, దానికి గాజు బరువు అదనం. అదే పరిమాణంలోని నీళ్ల సీసా అనుకుని మెడ పట్టుకుని ఎత్తినవారి చేతిలోంచి అది జారుతుంది. అడుగున ఒక చెయ్యి పెట్టాలి, దూరం మోయాలంటే ప్లాస్టిక్ బకెట్‌లో నిలబెట్టి మోయాలి. చిన్న కళాశాలలు ధర కలిసొస్తుందని పెద్ద సీసాలు కొనే బదులు అరలీటరు సీసాలు కొంటే పగిలినప్పుడు జరిగే నష్టం అయిదో వంతుకు తగ్గుతుంది. ఏ ఆమ్లాన్నీ కంటిచూపు కంటే ఎత్తున ఉంచకూడదు. కింది అరలో, లోతైన ప్లాస్టిక్ ట్రేలో ఉంచాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మూత వదులుగా ఉంటే వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి పరిమాణం పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. నిండుగా ఉన్న సీసా అలా పొంగి పొర్లుతుంది.

భద్రపరచడం ఇప్పుడు చట్టపరమైన బాధ్యత కూడా. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 18న ఇచ్చిన ఉత్తర్వుల్లో చిల్లర అమ్మకాల గురించే కాదు, విద్యాసంస్థలు, పరిశోధనశాలలు, ఆసుపత్రుల గురించి కూడా ఉంది. ఆమ్లం వాడకానికి రిజిస్టరు పెట్టాలి, దాన్ని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు సమర్పించాలి. నిల్వకు ఒక వ్యక్తి జవాబుదారీగా ఉండాలి. ఆమ్లం వాడే ల్యాబ్ నుంచి బయటికి వెళ్లేవారిని తనిఖీ చేయాలి. ఈ నిబంధనలు పుట్టింది దాడులు ఆపడానికే అయినా, ఎవరి చేతిలో ఎంత ఆమ్లం ఉందో తెలియడం ల్యాబ్‌లో పనిచేసేవారినీ కాపాడుతుంది.

ఇక ఒలికినప్పుడు చల్లడానికని చాలా ల్యాబ్‌లలో వంటసోడా పొట్లం ఒకటి పెట్టుకుంటారు. అది సరిపోతుందా అన్నది మాత్రం లెక్క వేయరు. 100 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పూర్తిగా తటస్థీకరించాలంటే 300 గ్రాములకు పైగా వంటసోడా కావాలి, ఆ క్రమంలో సుమారు 90 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ నురగలు కక్కుతూ వెలువడుతుంది. నిండు సీసా పగిలితే దాదాపు ఎనిమిది కిలోల సోడా కావాలి. అదే 100 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లానికైతే 100 గ్రాములు చాలు. కాబట్టి పొట్లం కాదు, డబ్బా ఉండాలి. పక్కనే ఎండు ఇసుక ఉండాలి. ముందు చుట్టూ ఇసుకతో గట్టు కట్టి పారకుండా ఆపాలి, తర్వాత అంచుల నుంచి లోపలికి సోడా చల్లుతూ రావాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మడుగు మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించకూడదు. నైట్రిక్ ఆమ్లాన్ని రంపపు పొట్టుతోనో గుడ్డపేలికలతోనో అద్దకూడదు, వాటికి నిప్పంటుకుంటుంది.

సోడా చోటు నేల మీద, ఒంటి మీద కాదు. ఆమ్లం పడ్డ చర్మాన్ని సోడాతో తటస్థీకరించాలన్న సలహా పాత ల్యాబ్ పుస్తకాల్లో కనిపిస్తుంది. సోడా కోసం వెతికే క్షణాల్లోనే చర్మం కాలిపోతుంది, పైగా తటస్థీకరణ కూడా వేడి పుట్టిస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే నీళ్లు తగిలి వేడెక్కుతుంది కదా, ముందు గుడ్డతో తుడవాలి అని వాదించేవారూ ఉన్నారు. బీకరులో కొద్ది నీళ్లు పోయడానికీ, ఒంటి మీద ధారగా నీళ్లు పారించడానికీ చాలా తేడా ఉంది. ధారలో వేడీ ఆమ్లమూ రెండూ కొట్టుకుపోతాయి. కాబట్టి ఏ ఆమ్లమైనా మొదటి వైద్యం నీళ్లే. తడిసిన బట్టలు నీళ్ల కిందే విప్పేయాలి, సిగ్గుపడుతూ ఆగితే గాయం లోతవుతుంది. తోటివారు దుప్పటి అడ్డం పట్టాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విడదీసి కనీసం పావుగంట కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రికి.

అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం అత్యవసర షవరు నిమిషానికి 75 లీటర్ల పైచిలుకు నీళ్లు పావుగంట పాటు ఇవ్వాలి. అంటే 1,100 లీటర్లకు పైనే. డాబా మీద 500 లీటర్ల ట్యాంకు పెట్టుకుని షవరు బిగించామని చెప్పుకునే చోట ఆరున్నర నిమిషాలకే నీళ్లు ఆగిపోతాయి. కళ్లు కడగడానికైతే నిమిషానికి లీటరున్నర ధార చాలు, పావుగంటకు రెండు బిందెలకు మించదు. కుళాయికి మెత్తటి రబ్బరు గొట్టం తగిలించి ఉంచినా ఆ పని జరుగుతుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండకు కాగిన ట్యాంకు నీళ్లు కళ్లకు వాడేంత చల్లగా ఉండవు, వాటికి నీడ కావాలి. నెలల తరబడి తిప్పని గొట్టంలోంచి మొదట వచ్చేది తుప్పునీళ్లు. వారానికి ఒకసారి, ప్రాక్టికల్స్ మొదలయ్యే ముందు, అటెండరో విద్యార్థులో వాల్వు తిప్పి, ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా వదలాలి.